చింతచెట్టుకు తూర్పున

తాతల పేర్లు తెలుసు, వాళ్లు పడుకున్న చోటు తెలియదు. ఆ చోటు వెతుక్కుంటూ సమాధుల దొడ్లలోకి, చివికిన రిజిస్టర్లలోకి, ముసలివాళ్ల జ్ఞాపకాల్లోకి సాగిన ప్రయాణం ఇది.

“చింతచెట్టుకు తూర్పున, కాలవ వైపు నుంచి లెక్కబెడితే మూడోది.”

మా నాయనమ్మ నాకు అప్పగించిపోయిన ఆనవాలు ఇదొక్కటే. ఆమె మామగారు, అంటే మా నాన్నకు తాత, పల్నాడులో మిషను తరఫున ఉపదేశిగా పనిచేశాడు. పగలు పేటలో పిల్లలచేత ఇసకలో అక్షరాలు దిద్దించి, పొద్దుగూకాక లాంతరు పట్టుకుని పక్క ఊరికి నడిచి ప్రార్థన పెట్టించి, ఆ రాత్రికే ఇల్లు చేరేవాడట. ఆయన్ను భూస్థాపన చేసిన ఊరి పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ చోటును కళ్లతో చూసినవాళ్లలో మా నాయనమ్మే ఆఖరు.

2018లో మా నాన్న పోయాడు. రాయి చెక్కే ఆయన వచ్చి పుట్టిన తేదీ, పోయిన తేదీ అడిగితే తడుముకోకుండా చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాత విషయంలో ఒక్క తేదీయే చెప్పగలను. ముత్తాతకు అదీ లేదు. ముత్తవ్వ ఒకావిడ ఉండే ఉండాలి, ఆమె పేరు కూడా నాకు తెలియదు. మరుసటి ఏడాది ఎండలు ముదరకముందే బస్సెక్కాను.

చింతచెట్టు లేదు.

ఊరి చివర మిరపచేలకూ రోడ్డుకూ మధ్య ఎకరం పైచిలుకు నేల. గేటు లేదు, కంచె అక్కడక్కడా ఉంది. సగం నేలను సర్కారు తుమ్మ కమ్మేసింది. కనపడే సమాధుల్లో కొత్తవి టైల్సు అతికించి, ఫొటో పెట్టి, పేరు బంగారు రంగులో రాయించినవి. వాటి వెనక ఇటుకా సున్నంతో కట్టిన పాతవి, పైకప్పు కూలి లోపల పుట్టలు లేచినవి. ఇంకా వెనక ఉత్త మట్టిదిబ్బలు, తల దగ్గర ఒక నాపరాయి ముక్క, అంతే. నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి వచ్చే పిల్లకాలువ ఒకటి పడమటి అంచున పారుతోంది. నాయనమ్మ చెప్పిన కాలవ అదేననుకుని, దాని గట్టు నుంచి మూడు, నాలుగు, ఐదు అని లెక్కబెట్టుకుంటూ మధ్యాహ్నం దాకా తిరిగాను. చేతులంతా తుమ్మముళ్లు. ఒక్క అక్షరమూ దొరకలేదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చున్నాక తట్టింది. సాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలింది 1967లో. మా నాయనమ్మ ఆ ఊరు విడిచి గుంటూరు చేరింది అంతకు పదేళ్ల ముందు. ఆమె కళ్లలో ఉన్న కాలవ ఇది కాదు. ఆమె చెప్పిన నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి.

సున్నం కింద అక్షరాలు

సమాధుల కోసం వెతికేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. మనకు అందిన గుర్తులన్నీ పోయినవాళ్ల కాలానివి. చెట్టు కొట్టేస్తారు, వాగు పూడుతుంది, బాట మళ్లుతుంది, మిషను బంగళా కూలి షాపింగ్ కాంప్లెక్సు లేస్తుంది. రాయి ఒక్కటే కదలకుండా ఉంటుందనుకుంటాం. రాయి కూడా కదులుతుంది. పల్నాటి నాపరాయి పలక ఇంటి గడపకో, బట్టలు ఉతికే బండకో సరిగ్గా సరిపోతుంది మరి.

కదలని రాయినైనా చదవడం తేలిక కాదు. మన దగ్గర ఏడాదికోసారి సమాధికి సున్నం వేయడం ప్రేమకు గుర్తు. పిడుగురాళ్ల సున్నం చేతికందే దూరంలో ఉన్న ఊళ్లలో ఆ ప్రేమకు కొదవే లేదు. యాభై ఏళ్ల సున్నం పొర మీద పొర పేరుకుని, చెక్కిన అక్షరాన్ని నిండా పూడ్చేస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు తోడొచ్చాడు. వాడు ఇనుప బ్రష్షూ యాసిడ్ సీసా పట్టుకొచ్చాడు. రెండూ సంచిలోనే ఉంచమన్నాను. యాసిడ్ సున్నాన్ని తిన్నట్టే నాపరాయినీ తింటుంది, ఇనుప బ్రష్షు అక్షరం అంచుల్ని అరగదీస్తుంది. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం కూడా మంచిది కాదు, మనం తప్పు చదివితే ఆ తప్పే మిగులుతుంది. నీళ్లు, మెత్తటి కుంచె, వెదురు పుల్ల, ఓపిక ఉంటే చాలు. వీటన్నిటికన్నా పనికొచ్చేది వెలుతురు. నడినెత్తిన ఎండలో చూస్తే రాయి బోసిగా కనబడుతుంది. పొద్దున ఏడు గంటల ఏటవాలు ఎండ పడితే అదే రాయి మీద గీతలు నీడలై లేస్తాయి. ఎండ రాని వైపు ఉంటే ఒక అద్దంతో వెలుగును పక్కనుంచి పట్టాలి. వాడే ఇంట్లో గోడ అద్దం ఊడదీసి తెచ్చాడు. దాంతో ఒక పలక మీద ‘ప్రభువునందు’ అనే మాటా, దాని కింద ౧౯౨౬ అనే తెలుగంకెలూ తేలినప్పుడు ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

అది మా ముత్తాతది కాదు. ఎవరిదో. అయినా ఆ మాట చదివిన క్షణం నాకు బాగా గుర్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ చదవని రాతను నోటితో పలికితే ఒళ్లు జలదరిస్తుంది. మనవాళ్ల కోసం వెళ్లి, పరాయివాళ్ల పేర్లు పైకి చదువుకుంటూ నడవడం ఈ పనిలో భాగమేనని అక్కడే తెలిసింది. ఎవరి మనవరాలో ఎక్కడో ఇలాగే తిరుగుతూ మా ముత్తాత పేరు చదివి ఉండొచ్చు కదా.

పేజీలో పేరు

రాయి దగ్గర ఆగిపోయినవాళ్లకు రిజిస్టరు దారి చూపిస్తుంది. చర్చిల్లో బాప్తిస్మానికి, పెళ్లికి, భూస్థాపనకు విడివిడి పుస్తకాలు ఉంటాయి. మాకు కావలసిన పుస్తకాన్ని ఒక పెద్దాయన బీరువాలోంచి బయటికి తీశాడు. అట్ట చెదలు తిన్నా లోపలి సిరా నల్లగానే ఉంది. పోయిన తేదీ, పూడ్చిన తేదీ, పేరు, ఊరు, వయసు, వృత్తి, జబ్బు, ప్రార్థన చేసిన అయ్యగారి సంతకం.

ఈ పుస్తకాలు చదవడానికి ఒక అలవాటు పడాలి. వయసులు నమ్మకూడదు. ముప్ఫై, నలభై, అరవై, అన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగుస్తాయి. పుట్టిన రోజు ఎవరికీ తెలియని కాలంలో అయ్యగారు ముఖం చూసి వేసిన అంచనాలవి. పేర్లూ మోసం చేస్తాయి. ఇంటిపేర్లు రాయరు, ఒకే పేజీలో ముగ్గురు యోహానులు, నలుగురు మరియమ్మలు. కాబట్టి పేరు పట్టుకుని కాకుండా ఊరు పట్టుకుని వెతకాలి, ఆ తర్వాత వృత్తి, ఆ తర్వాతే పేరు. అలా వెతికితే 1938లో దొరికాడు. మా ఊరు, ఉపదేశి, వయసు 60, జ్వరం. పేరు సరిపోయింది. దాని కింద ఉన్న సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే బాప్తిస్మం పుస్తకం. గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842 జూలై 31న. ఆ తర్వాత ఆయన పల్నాడు దాకా వెళ్లాడు. కానీ పేటలకు పేటలు చేరింది 1876-78 నాటి ధాత కరువు తర్వాత. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్‌లో 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతమంది పేర్లు ఒక పుస్తకంలోకి ఎక్కిన రోజది. చెప్పులు కుట్టినవాళ్లు, పొలాల్లో పాలేర్లు, కూలికి పోయిన ఆడవాళ్లు. ఏ కరణం లెక్కల్లోనూ భూమి కింద పేరు పడనివాళ్లకు మొదటిసారి ఒక గీతల కాగితం మీద చోటు దొరికింది. అయితే ఆ పేజీలోనే దారి మూసుకుపోతుంది కూడా. పాత పేరు పోయి కొత్త పేరు వస్తుంది. ముందు పేరేమిటో అయ్యగారు ఒక్కోసారి పక్కన రాశారు, చాలాసార్లు రాయలేదు. మాలాంటి కుటుంబాలకు బాప్తిస్మం పుస్తకంలో మొదటి పేజీయే చరిత్రకూ మొదటి పేజీ. దానికవతల ఉన్నది మట్టి.

దొరల సమాధులకు పట్టీలు ఉన్నాయి

ఇదే నేలలో పడుకున్న తెల్లవాళ్ల సంగతి వేరు. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ మద్రాసు రాజధానిలో జరిగిన వాళ్ల బాప్తిస్మాలకు, వివాహాలకు, భూస్థాపనలకు నకళ్లు రాయించి లండన్‌కు పంపేవారు. ఆ సంపుటాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో, మద్రాసువి ఒక వరసలో, బెంగాలువి ఒక వరసలో, బొంబాయివి ఒక వరసలో ఉన్నాయి. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐ.సి.ఎస్. అధికారి మద్రాసు రాజధానిలోని సమాధుల మీది రాతలు సేకరించి ఒక పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. నిజాం రాజ్యానికి అలాంటిదే 1941లో క్రాఫ్టన్ తయారుచేశాడు. 1976లో థియాన్ విల్కిన్సన్ లండన్‌లో దక్షిణాసియా శ్మశానాల కోసమే ఒక సంఘం పెట్టాడు. దాని సభ్యులు ఊరూరా తిరిగి రాతలు నకలు చేస్తారు, మరమ్మతులకు డబ్బు పంపుతారు. బందరులో, భీమునిపట్నంలో డచ్చివాళ్ల సమాధులు వంశచిహ్నాలు చెక్కిన రాళ్లతో సహా నేటికీ నిలిచి ఉన్నాయి.

బ్రిటన్ నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చే దొరల ముని మనవలను నేను బందరులో చూశాను. తెల్లటి జుట్టు ముసలావిడ ఒకామె, చేతిలో ప్లాను కాగితం, దాని మీద ఎర్ర సిరాతో చుట్టిన గుర్తు. నేరుగా నడిచివెళ్లి ఆ రాయి ముందు నిలబడింది, కళ్లు తుడుచుకుంది. ఆమె దుఃఖం నిజం. దాన్ని చూసి నాకు కోపం రాలేదు. కాకపోతే, కొన్ని నెలలపాటు మనదేశంలో ఉద్యోగం చేసి జ్వరంతో పోయిన ఒక కుర్రాడి పేరు మూడు పుస్తకాల్లో ఉంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే అరవై ఏళ్లు నడిచి, వందల మందికి అక్షరం నేర్పిన మనిషికి అరవాక్యం ఉంది. ఈ తేడా మనసులో కుదుటపడదు.

అటునుంచి ఇటు వచ్చేవాళ్లే కాదు, ఇటునుంచి అటు వెతుక్కుంటూ వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశాడు. ఆయన్ను కెన్సల్ గ్రీన్ శ్మశానంలో పూడ్చారు. 1833లో తెరిచిన ఆ శ్మశానం డెబ్భై రెండు ఎకరాలు. సుమారు అరవై ఐదు వేల సమాధులు, వాటిలో రెండున్నర లక్షల మంది. అక్కడ రాయి కోసం కళ్లతో వెతికితే జీవితకాలం చాలదు. ఆఫీసు రిజిస్టరులో సమాధి సంఖ్య, చదరం సంఖ్య, వరస సంఖ్య పట్టుకోవాలి. వేమన పద్యాలను అచ్చెక్కించి, తెలుగు నిఘంటువు కట్టిన మనిషి కోసం, మన కాలంలో, లండన్‌లోని తెలుగువాళ్లు ఆ పని చేశారు. రక్తసంబంధం లేని తాతను వెతికి పట్టుకున్నారు. ఆ ముచ్చట విన్నప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ బ్రౌనే నన్ను మళ్లీ గుంటూరుకు తీసుకొచ్చాడు. 1832-33 నందన కరువు నాడు ఆయన గుంటూరులో ఉద్యోగి. జనం దాన్ని డొక్కల కరువన్నారు. జిల్లా జనాభాలో మూడో వంతుకు తక్కువ కాకుండా పోయారని అంచనా. పైఅధికారులు దాన్ని కరువనడానికి ఇష్టపడలేదు. బ్రౌన్ మాత్రం తన రాతల్లో కరువును కరువనే రాశాడు. ఆ మాట రాసిన మనిషి సమాధికి లండన్‌లో సంఖ్య ఉంది. ఆ కరువులో పోయిన లక్షమందికి పైగా జనంలో ఒక్కరి సమాధి ఎక్కడుందో గుంటూరు జిల్లాలో ఎవరైనా చూపించగలరా? మన తాతల తాతలు వాళ్లే. బాటల పక్కన, చెరువు గట్ల మీద, నక్కలకు వదిలిన వాళ్లు. నేనిప్పుడు గుంటూరు నుంచి పల్నాడు వెళ్లే రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూస్తుంటే ఆ బీళ్లన్నీ ఒక్కటే సమాధుల దొడ్డిలా కనబడతాయి.

రాయి లేనివాళ్లు

తెలుగునాట సమాధులు క్రైస్తవులకూ ముస్లింలకూ మాత్రమే అనుకోవడం పొరపాటు. వీరశైవులు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. పూడ్చే ఆచారమున్న కులాలు చాలా ఉన్నాయి. సొంత పొలంలో గట్టు పక్కన సమాధి కట్టుకునే రైతు కుటుంబాలు ప్రతి మండలంలో కనపడతాయి. సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునేది, సమాధి కడిగి కొత్త బట్టలూ వండినవీ చూపించేది ఆ గట్ల మీదే. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యమిస్తారు. కరీంనగర్‌లో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి పండుగనే శ్మశానంలో జరుపుకుంటాయి. సమాధులకు రంగులు వేసి, పూలు పెట్టి, తాతల మధ్య కూర్చుని పిల్లలు టపాకాయలు కాలుస్తారు. షబే బరాత్ రాత్రి హైదరాబాద్ దాయరా మీర్ మోమిన్‌కు వెళ్తే తెలుస్తుంది, నిద్ర మానుకుని ఎంతమంది తమవాళ్ల ఖబరు దగ్గర ఫాతెహా చదువుతారో.

దహనం చేసే ఇళ్లలో వెతకడానికి చోటే ఉండదు, పేరు ఒక్కటే ఉంటుంది. తర్పణానికి తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాలు కావాలి. గయకు వెళ్లి కూర్చున్నాక మూడో పేరు దగ్గర తడబడి ఫోన్లు చేసే మిత్రులు నాకున్నారు. ముత్తాత దగ్గర మనమంతా ఒకటే.

కాగితం లేని కులాలకు పేర్లు మోసే మనుషులు ఉండేవారు. రెడ్లకూ కాపులకూ పిచ్చుకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఏడాదికోసారి వచ్చి కులపురాణం చెప్పి, ఆ ఇంటి గోత్రం, పెద్దల పేర్లు వరసబెట్టి అప్పజెప్పి, ధాన్యం తీసుకుపోయేవారు. వాళ్లకు ఇచ్చే గింజలు మానేశాం. వాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి పోయారు. మనం పోగొట్టుకున్న రిజిస్టరు అది. దాన్ని చెదలు తినలేదు, మనమే తిండి పెట్టక పోగొట్టుకున్నాం.

సముద్రం దాటినవాళ్ల సంతతి కథ ఇంకో రకం. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరినవాళ్లు 1,52,184 మంది. అంతకుముందే మారిషస్‌కు కోరంగి, విశాఖ వైపు నుంచి ఓడలు వెళ్లాయి. ఆ ఓడ పట్టీల్లో ప్రతి కూలీకి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఇప్పుడు వాళ్ల ఐదో తరం పిల్లలు ఆ పట్టీ జిరాక్సు పట్టుకుని శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో ఊరి పేరు అడుగుతున్నారు. తెల్ల గుమాస్తా చెవికి వినపడ్డట్టు రాసిన పేరును ఏ ఊరని పోల్చుకోవడం? అక్కడ చెరుకుతోటల గట్ల మీద పూడ్చిన తాత సమాధీ దొరకదు, ఇక్కడ ఆయన పుట్టిన పేటా దొరకదు. అయినా వస్తారు. ఏదో ఒక ఊరి చెరువు దగ్గర మట్టి ఇంత మూట కట్టుకుని వెళ్తారు. ఆ మట్టి తమ ఊరిదో కాదో వాళ్లకు తెలియదని మనకు తెలుసు, వాళ్లకూ తెలుసు. మూట మాత్రం జాగ్రత్తగా కడతారు.

ఇక మన ఊళ్లలోనే కళ్లముందు పోతున్నవాటి సంగతి. పొలం ప్లాట్లయితే గట్టు మీది సమాధి మొదట పోతుంది. అమ్మేటప్పుడు దస్తావేజులో ఆ రెండు సెంట్లు మినహాయించుకోవచ్చు, ఎవరూ గుర్తుచేయరు. కొత్త శ్మశానవాటికలు కట్టడం మంచిదే. పూడ్చడానికి జానెడు నేల లేక రోడ్డు మీద శవాన్ని పెట్టుకుని కూర్చున్న పేటల గురించి తెలిసినవాళ్లెవరూ కాదనరు. కానీ ప్రొక్లెయినర్ దించేముందు ఒక పూట ఆ పేట ముసలివాళ్లను పిలిచి, ఎవరు ఎక్కడున్నారో అడిగి ఒక కాగితం మీద గుర్తులు వేయడానికి ఏం ఖర్చవుతుంది? ఆ ఒక్క కాగితం రేపు ఇంకెవరి మనవరాలికో అరచేతిలో వెలుగవుతుంది.

ఆ ఏడాది పేజీలు

రిజిస్టరులో ముత్తాత దొరికాక, ఆశ కొద్దీ వెనక్కి తిప్పుతూ పోయాను. 1918 అక్టోబరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. అంతదాకా నెలకు ఒకటీ రెండు పేర్లు ఉన్న పుస్తకంలో ఉన్నట్టుండి గీతలు నిండిపోయాయి. ఒక రోజు నాలుగు, మరుసటి రోజు ఆరు. జబ్బు గడిలో ఒకసారి ‘ఇన్‌ఫ్లుయెంజా’ అని రాసి, కింద వరసంతా ‘అదే’, ‘అదే’, ‘అదే’. నవంబరు వచ్చేసరికి చేతిరాత మారింది. రాసే మనిషీ పోయాడో, మంచాన పడ్డాడో. ఆ చలికాలం దేశమంతటా కోటిమందికి పైగా పోయారని చదివాను గానీ, ఆ ‘అదే’ చదివినప్పుడు కోటి అంటే ఏమిటో మొదటిసారి అర్థమైంది.

ఆ వరసలో ఒకచోట: ‘ఉపదేశి భార్య. 30. అదే.’

మా ఊరు. ఆ ఉపదేశి మా ముత్తాతే. పేరు గడిలో పేరు లేదు, ఉన్నది భర్త ఉద్యోగం. మా తాతకు అప్పుడు పదేళ్లుంటాయి. నాయనమ్మ కాపురానికి వచ్చేసరికి అత్తగారు లేదు, అందుకే మా ఇంట్లో ఆమె మాటే లేదు. నేను ముత్తాత కోసం బయల్దేరి ఇన్నాళ్లు తిరిగింది ఈ ఒక్క గీత దగ్గరికి రావడానికేనేమో అనిపించింది.

మూడోసారి పోయిన ఈస్టరుకు వెళ్లాను. మావైపు ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల దొడ్డికి పోతారు. చీకట్లో వందల కొవ్వొత్తులు, మల్లెపూల వాసన, తడి సున్నం వాసన, పాటలు. ఎవరో నన్ను ఒక అవ్వ దగ్గరికి తీసుకెళ్లారు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, మనవడి భుజం పట్టుకుని నిలబడి ఉంది.

“యాడనుంచి వచ్చావమ్మా, ఎవరి పిల్లవు?”

నాయనమ్మ పేరు చెప్పాను. అవ్వ నా చెయ్యి వెతికి పట్టుకుంది. “ఉపదేశిగారి కోడలా! నా చిన్నప్పుడు ఈడికొచ్చి కొవ్వొత్తి ముట్టిచ్చేది. చంకలో పిల్లోడు ఉండేవోడు.”

ఆ పిల్లోడు మా నాన్న.

“కాలవ అంటే ఇది గాదు తల్లా. వాగు ఉండేది అటు దిక్కు, ఇప్పుడు మిరపచేను చేశారు. చెట్టు ఆ కరెంటు స్తంభం ఉన్న కాడ.” మనవడి చేత నడిపించుకుంటూ వెళ్లి, కాలితో నేలను తడిమి, ఒక పగిలిన పలక దగ్గర ఆగింది. లాంతరు కిందికి దించి పక్కనుంచి పట్టుకుంటే ‘ఉప’ అనే రెండు అక్షరాలు లేచాయి. మిగతా పలక లేదు. నేను అక్కడే కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అవ్వ ఏమీ అనలేదు, నా తల మీద చెయ్యి వేసి నిలబడింది.

తర్వాత అడిగాను. ఆయన భార్య, ఆ జ్వరంలో పోయినావిడ.

“నేను పుట్టకముందు మాట అది. మా అమ్మ చెప్పేది. పెట్టెలు చాల్లేదంట, చాపల్లో చుట్టి తీసుకొచ్చారంట. తవ్వే మగోళ్లు లేక మా అమ్మావాళ్లు, ఆడోళ్లే తవ్వారంట. ఒక్కటే వరస, చెట్టు మొదలుకాణ్ణుంచి.” అవ్వ చెయ్యి చాచింది. అక్కడ దిబ్బ లేదు, రాయి లేదు, పల్లేరు తీగ పాకిన చదును నేల. “ఆ యమ్మ చివరాకరు. చాలా మంచిదంట. అందరికీ గంజి కాచి పోసి, తను పడిపోయిందంట.”

“పేరేంటి అవ్వా?”

అవ్వ చాలాసేపు ఆలోచించింది. దూరంగా కీర్తన రెండో చరణంలోకి వచ్చింది. “పేరు ఎవురూ చెప్పలా నాకు. పేటంతా వదినమ్మ అనేవోళ్లంట.”

సంచిలో మిగిలిన కొవ్వొత్తి తీసి వెలిగించాను. ముత్తాత పలకకు ఎదురుగా, అవ్వ చెయ్యి చూపిన వైపు నాలుగడుగులు నడిచి, వంగి, మట్టిలో గుచ్చబోయాను.

“ఆడ కాదు తల్లా,” అంది అవ్వ వెనకనుంచి. “ఇంకో రెండడుగులు అటు.”